చింతతోపులో పడిన పెట్టె

పోయిన నెలలో ఒక సాయంత్రం మా వీధి వీధంతా మేడలెక్కింది. తమిళనాడులోని ధర్మపురిలో మేముండే వీధిలో ఒకరి సంగతి ఒకరికి పట్టదు. అలాంటిది ఆ పూట అందరూ తలలెత్తి ఒకే వైపు చూస్తున్నారు. పడమటి నుంచి ఇరవై ముప్పై దీపాలు ఒకదాని వెనక ఒకటి వరుస తప్పకుండా ఆకాశంలో పోతున్నాయి. చప్పుడన్నది లేదు. ఇంతలో మా మనవరాలు ఫోను చూసి, "ఉపగ్రహాలంట అవ్వా, కలెక్టరాఫీసు నుంచి మెసేజ్ వచ్చేసింది, భయపడొద్దంట" అంది. అందరూ "అంతేనా" అనుకుంటూ మెట్లు దిగిపోయారు.

నాకు మాత్రం దిగబుద్ధి కాలేదు. నిమిషంలో తేల్చేస్తే ఇక చూసిన ముచ్చటేముంది? మా చిన్నతనంలో ఇలాంటిదే ఒకటి కనబడితే, అదేమిటో తేల్చడానికి సర్కారుకు నెలన్నర పట్టింది. ఆ నెలన్నరలోనే నా చదువు ఉంటుందో ఊడుతుందో కూడా తేలింది.

మా ఊరు పాపారపట్టికి నాలుగైదు మైళ్ళ దూరం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా పెద్దలు ఎన్ని తరాల కిందట అక్కడికి వచ్చి పడ్డారో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్పేవారు. తెలుగు మాట్లాడే ఇళ్ళు ముప్పై దాకా ఉండేవి. తెలుగు చదవగలిగిన మనిషి మాత్రం ఊరు మొత్తానికి ఒక్కరే, మా నాయనను కన్న అవ్వ. అట్లని ఊరంతా నమ్మింది.

చలి తగ్గి ఎండ ఇంకా ముదరని మాసి నెల చింతపండు కాలం. తోపులో కొమ్మలు దులిపి, కాయలు ఎండబోసి, పెంకు కొట్టి, ఈనెలు లాగి, గింజ తీసి, ఉప్పు చల్లి కుండల్లో కూరేవాళ్ళం. ఇల్లంతా ఒకటే పుల్లటి వాసన. బట్టలకు, జుట్టుకు, చివరికి నీళ్ళ చెంబుకు కూడా అదే వాసన. మా పిల్లల పని గింజలు తీయడం. నాలుగు గింజలు తీస్తే ఒక ముద్ద నోట్లోకి పోయేది. ఉప్పూ మిరపకాయా కలిపి దంచి, పుల్లకు గుచ్చి చప్పరించి, నాలుక పగిలి రాత్రి సంగటి తినలేక ఏడ్చేవాళ్ళం. మరుసటి రోజు మళ్ళీ అదే పని. బుద్ధి వచ్చిందంటే అబద్ధం.

పదిమంది ఆడవాళ్ళు వాకిట్లో చింతపండు కొడుతుంటే అవ్వ పీట వేసుకుని కూర్చుని, పసుపు గుడ్డ విప్పి పుస్తకం తీసేది. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి రామాయణం మొదలుపెట్టేది. అవ్వ రామాయణం ఇంకెక్కడా దొరకదు. అడవికి పోయేటప్పుడు సీతమ్మ మూటలో రాగి సంగటి, ఊరుబిండి పచ్చడి కట్టుకునేది. హనుమంతుడు మా పక్కనున్న తొప్పూరు కనుమ ఎక్కలేక ఒకచోట కూలబడి మజ్జిగ తాగేవాడు. వింటున్న ఆడవాళ్ళకు అదేమీ వింతగా ఉండేది కాదు. పుస్తకంలో ఉన్నదే కదా అవ్వ చదువుతోంది.

ఆ పుస్తకాన్ని ఇంకెవరూ ముట్టకూడదు. ఎవరింట్లో అత్తాకోడళ్ళు జుట్లు పట్టుకున్నా మా వాకిట్లోకి వచ్చేవారు. అవ్వ పేజీలు తిప్పి "కోడలికి ముందు అన్నం పెట్టాలని ఉండాది చూడు" అనేది. అత్త నోరు మూసుకుని పోయేది.

నేను ఊరికే ఉండే రకం కాదు. ఒక మధ్యాహ్నం అవ్వ నిద్రపోతుంటే హనుమంతుడి బొమ్మ చూద్దామని గుడ్డ విప్పాను. హనుమంతుడు లేడు. పేజీ నిండా ఒక ఎద్దు. దాని ఒంటి మీద అక్కడక్కడా చుక్కలు, ఆ చుక్కల నుంచి గీతలు. ఇంకో పేజీ తిప్పితే ఇంకో ఎద్దు, ఈసారి నాలుక బయటపెట్టి. తలెత్తితే అవ్వ లేచి కూర్చుని నన్నే చూస్తోంది.

"అవ్వా, దీంట్లో రాముడు యాడ?"

అవ్వ తిట్టలేదు. గుడ్డ చుట్టి పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. "మా నాయన పశువుల వైద్యుడు పాపా. కుప్పం పక్క పల్లె. నన్ను ఈడికి పంపేటప్పుడు ఇచ్చేదానికి ఏమీ లేక ఇది ఇచ్చినాడు. మా అత్త ఇదేమి పుస్తకం అన్నింది. ఎద్దుల పుస్తకమంటే నవ్వుతారని రామాయణమన్నా. ఆ పొద్దు నుంచి నాకు ఈ ఇంట్లో పీట ఏసినారు."

"నీకు చదవను వస్తాదా?"

"ఒక్క అచ్చరం రాదు. విన్నది చెప్తా. మరిచిపోయిన చోట నేనే కట్టుకుంటా." గుడ్డ ముడి బిగించి, "మీ పెద్దనాయనకు తెలిస్తే ఇంక నా మాట ఎవురూ వినరు. ఎవురికీ చెప్పొద్దు" అంది.

నేను ఒట్టేశాను. ఊరంతటికీ తెలియని సంగతి ఒకటి నా కడుపులో ఉందంటే ఆ గర్వం ఇంతా అంతా కాదు.

మా నాయన లారీ డ్రైవరు. నెలకు ఒకసారి ఇల్లు చూస్తే గొప్ప. ఇంటి పెత్తనమంతా పెద్దనాయనది. మనిషి మొండి. నవ్వగా నేను చూసింది తక్కువ. ఆ ఏడు నాకు ఎనిమిదో తరగతి అయిపోవస్తోంది, ఆపైన చదవాలంటే పాపారపట్టి పోవాలి. ఒక పూట సంగటి ముందు కూర్చుని పెద్దనాయన తేల్చేశాడు. "ఎనిమిది చాలదా? దినామూ బస్సులో పంపితే ఊరు ఏమంటాది? ఇంట్లో చింతపండుకు చెయ్యి కావాల."

నేను వంటింట్లోకి పోయి పితికిన పప్పు పులుసు గిన్నె ముందు కూర్చుని ఏడ్చాను. చదువు మీద అంత ప్రేమ ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. మర్నాడు అవ్వ పుస్తకం తీసింది. పెద్దనాయనను పిలిచింది. ఆయన మొండివాడే గానీ పుస్తకమంటే భక్తి. చెప్పులు విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎద్దు బొమ్మ మీద వేలు పెట్టి అవ్వ చదివింది. "ఆడబిడ్డ చదువు నడిమధ్యన నిలిపిన ఇంట్లో లచ్చుమి నిలవదు." నేను స్తంభం వెనక నిలబడి పెదవి కొరుక్కున్నాను.

పెద్దనాయన పుస్తకానికి దండం పెట్టాడు. "సరే, పరిచ్చ కానీ, చూస్తాం" అన్నాడు. అంతవరకు గెలిచినట్టే.

సరిగ్గా ఆ వారంలోనే ఆకాశంలో అది కనబడింది.

పొద్దుగూకి పెన్నాగరం కొండల వైపు ఆకాశం ఇంకా ఎర్రగా ఉన్నప్పుడు, అంత ఎత్తులో వెండి గిన్నె బోర్లించినట్టు ఒకటి వెలుగుతూ నిలబడి ఉంది. నక్షత్రం కాదు, దానికి ఆకారం ఉంది. విమానం కాదు, కదలడం లేదు. చూస్తుండగానే పసుపు తిరిగి, ఎరుపు తిరిగి, దీపం ఆర్పినట్టు మాయమైంది. మూడు రోజులు ఏమీ లేదు. నాలుగో రోజు మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత ఇంకోసారి. సంతకు పోయి వచ్చినవాళ్ళు పాపారపట్టిలో చూశారన్నారు, తీర్థమలైలో కొండెక్కిన భక్తులంతా చూశారన్నారు. తమిళ పేపరులో "పరక్కుం తట్టు" అని పెద్ద అక్షరాలతో వేశారు. ఎగిరే పళ్ళెం అన్నమాట. మా ఊళ్ళో దాన్ని వెలుగు అనడానికి ఎలుగు అనేవాళ్ళు, అంతే. దేవతలు దిగుతున్నారని ఒకరు, పక్కదేశం వాళ్ళు వేగు చూస్తున్నారని ఒకరు. కోళ్ళు గుడ్లు పెట్టకపోయినా, పాలు విరిగినా ఎలుగు వల్లనే.

పేపరులో పడ్డాక సర్కారు ఊరుకుంటుందా? జీపులో తాసిల్దారు వచ్చాడు. బడి నుంచి బల్లా కుర్చీ తెచ్చి వేశారు. ఆయన తమిళంలో ఒక్కొక్కరినీ అడుగుతుంటే పక్కన గుమాస్తా రాసుకున్నాడు. ఎంత పెద్దది, ఏ రంగు, ఏ దిక్కున. మావాళ్ళకు అంత పెద్ద అధికారి కుర్చీలో కూర్చుని తమ మాట రాయించుకోవడం అదే మొదలు. దాంతో ఎలుగు పెరగడం మొదలుపెట్టింది. మొదటివాడు చేటంత అన్నాడు. నాలుగోవాడి దగ్గరికి వచ్చేసరికి బండి చక్రమంత అయింది. ఒకామె దానిలో నుంచి నాదస్వరం వినబడిందని చెప్పింది. గుమాస్తా అదీ రాశాడు.

అవ్వ వంతు వచ్చినప్పుడు సంతకం పెట్టమన్నారు. చదువుకున్న మనిషని ఎవరో ముందే చెప్పి పెట్టారు. అవ్వ తొణకలేదు. "నాది తెలుగు చదువు, మీది అరవ కాగితం. మీ కాగితానికి నా సంతకం చెల్లదు సామీ, కైనాట్టే ఏస్తా" అని బొటనవేలు ముందుకు చాచింది. తాసిల్దారు అది నిజమే అన్నట్టు తలాడించాడు.

పోతూ పోతూ ఆయన దండోరా వేయించాడు. పొద్దుగూకితే ఎవరూ గుంపుగా చేరవద్దు, పుకార్లు పుట్టించవద్దు, ఆడపిల్లల్ని ఒంటరిగా పంపవద్దు అని. ఆ చివరి మాట మా ఇంట్లో పిడుగై పడింది. పెద్దనాయన ఆ రాత్రే అన్నాడు. "సర్కారే చెప్తా ఉండాది. ఈ ఎలుగు తిరిగే కాలంలో బిడ్డను బస్సెక్కించేది లేదు." అవ్వకు ఆకాశం మీద అంత కోపం రాగా నేను ఎప్పుడూ చూడలేదు. వాకిట్లో నిలబడి పడమటి దిక్కుకు చెయ్యి చూపిస్తూ, "నీకు నా మనవరాలే దొరికిందా" అని గొణిగింది.

పరీక్షలకు ఇంకా వారముందనగా, ఒక ఉదయం మా తోపులో పనికి పోయినవాళ్ళు పరిగెత్తుకుంటూ వచ్చారు. చింతచెట్ల మీద ఇక్కడి నుంచి అక్కడిదాకా పాలమీగడలాంటి పల్చటి గుడ్డ పరుచుకుని ఉంది. దాని తాళ్ళకు కట్టి, కొమ్మకు కిందగా ఒక తెల్లటి పెట్టె వేలాడుతోంది. ఊరంతా చుట్టూ చేరింది, ఎవరూ దగ్గరికి పోలేదు. ఇద్దరు కుర్రవాళ్ళు గడ్డపార తెచ్చారు గానీ ముందు నువ్వు కొట్టంటే నువ్వు కొట్టు అనుకుంటూ నిలబడ్డారు.

మధ్యాహ్నానికి తాసిల్దారు, పోలీసులు వచ్చారు. పెట్టెకు ఒక కాగితం అంటించి ఉంది. సగం కొమ్మకు చిక్కి చిరిగిపోయింది. మిగిలిన సగాన్ని తాసిల్దారు అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. చిత్తూరు బస్సుల మీద ఈ గుండ్రటి అక్షరాలు చూశాననీ, ఇది తెలుగనీ అన్నాడు. ఇక చూడండి, ముప్పై ఇళ్ళ తెలుగువాళ్ళం చుట్టూ నిలబడి ఉన్నాం, మా భాషలో రాసిన పది వరసలు మా ముందున్నాయి, మాలో ఒక్కరికీ అర్థం కాదు. అయినా ఎవరికీ చింత లేదు. "అవ్వను పిలవండి" అన్నారు అందరూ ఒక్కసారే.

అవ్వ చింతపండు చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చింది. కాగితం తీసుకుంది. కళ్ళజోడు జార్చింది. నేను ఆమె చీర చెంగు పట్టుకున్నాను. నాకు వరసగా అన్నీ కనబడ్డాయి. ఇప్పుడు బయటపడితే అవ్వ పీట పోతుంది, పీట పోతే ఆ లచ్చుమి మాటా పోతుంది, దాంతో నా చదువు పోతుంది.

అవ్వ తీరిగ్గా చదివింది. "ఇది మనుషులు చేసిందే. భయపడొద్దు. పెట్టెను ఎవురూ ముట్టొద్దు. మావాళ్ళు వచ్చి తీసుకుంటారు." ఆడపిల్లలు బడికి పోవచ్చని కూడా చదివేస్తుందేమోనని భయపడ్డాను. అంత దూరం పోలేదు. "వచ్చినోళ్ళకు అన్నం పెట్టండి" అని ముగించింది.

గుమాస్తా అంతా రాసుకున్నాడు. గడ్డపారలు వెనక్కి పోయాయి. ఆ రాత్రి పెద్దనాయన మాత్రం అన్నం కలుపుతూ అడిగాడు. "అమ్మా, కాగితం మీద పది వరసలుండాయి. నువ్వు చదివింది నాలుగు మాటలే కదా."

"మిగతాదంతా ఇంగిలీసోళ్ళ పేర్లు" అంది అవ్వ.

పెద్దనాయన ఆమెను ఒకసారి చూసి మళ్ళీ అన్నం కలుపుకున్నాడు. అది నాకు మంచి గుర్తుగా తోచలేదు.

మూడో రోజు ఉదయం పెట్టె తాలూకు మనిషి వచ్చాడు. ఎక్కడో దూరాన పెద్ద శాస్త్ర కేంద్రంలో పని చేస్తాడట. సన్నగా, చొక్కా నలిగి, రెండు రోజులు నిద్రలేనట్టు ఉన్నాడు. నోరు తెరిస్తే తెలుగు. మా తెలుగు కాదు, "అండీ, అండీ" అనే తెలుగు. ఆయన ఏమన్నా పిల్లలం నవ్వేవాళ్ళం. గాలి బుడగలకు పెట్టెలు కట్టి ఆకాశంలోకి పంపుతామనీ, పైన గాలి ఎలా ఉందో కొలుస్తామనీ, కింద చీకటి పడ్డా అంత ఎత్తున ఇంకా ఎండ ఉంటుంది కాబట్టి అలా వెలుగుతుందనీ చెప్పాడు. కాగితం చదివాడు. అపాయం లేదు, విప్పవద్దు, పోలీసులకు తెలపండి అని ఉందట. తాసిల్దారు ఉబ్బిపోయి, మా ఊరి ముసలామె అచ్చంగా ఇదే చదివిందని చెప్పాడు. అన్నం సంగతి ఏమిటని గుమాస్తా అడిగాడు గానీ ఎవరూ పట్టించుకోలేదు.

"ఎవరండీ ఆ అవ్వ?" అన్నాడాయన. నలుగురూ అవ్వను ముందుకు తోశారు. ఇంతలో పెద్దనాయన "సార్, ఒక్క నిమిషం ఉండండి" అని ఇంటికి పోయి, చెప్పులు లేకుండా, రెండు చేతులా పసుపు గుడ్డ మూట పట్టుకుని వచ్చాడు. అవ్వ చెయ్యి నా భుజం మీద పడింది. నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది.

"ఇది మా అమ్మ రామాయణం సార్. ఆడబిడ్డ చదువు నడిమధ్యన నిలపగూడదని దీంట్లో ఉండాదంట. యాడ ఉండాదో మీరు కొంచెం చూపించండి."

ఆయన గుడ్డ విప్పి పుస్తకం తెరిచాడు. రెండు పేజీలు తిప్పాడు. నేను నిలబడిన చోటి నుంచి ఎద్దు కాళ్ళు కనబడుతున్నాయి. పెద్దనాయన చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడి ఆయన మొహమే చూస్తున్నాడు. పుస్తకం నుంచి తలెత్తి ఆ మనిషి అవ్వను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను బడి పావడాలో ఉన్నాను, చేతులు మోచేతుల దాకా చింతపండు రంగు.

ఆయన మరో నాలుగు పేజీలు తిప్పి ఒకచోట వేలు పెట్టాడు.

"ఇదిగోండి, ఇక్కడుంది" అన్నాడు.

పెద్దనాయన వంగి, ఆ వేలున్న చోట తన వేళ్ళు ఆనించి కళ్ళకద్దుకున్నాడు. పుస్తకం తనే గుడ్డలో చుట్టాడు. "ఎండాకాలం సెలవులు కాగానే పాపారపట్టి బడిలో చేర్పిస్తా" అని అందరి ముందరా అన్నాడు. అవ్వ చెయ్యి నా భుజం మీద నుంచి జారింది.

ఆ పెట్టె మనిషి మా ఇంట్లోనే సంగటి తిన్నాడు, ఊరుబిండి రెండోసారి అడిగి వేయించుకున్నాడు. జీపెక్కేటప్పుడు అవ్వ కొత్త చింతపండు ముద్ద ఆకులో కట్టి ఇచ్చింది. ఆయన గొంతు తగ్గించి, "ఆవుకు కడుపు ఉబ్బితే వాము, శొంఠి పట్టించమని ఉందవ్వా అందులో. మంచి పుస్తకం, జాగ్రత్త" అన్నాడు. "దాచుకుంటా నాయనా" అంది అవ్వ, మొహంలో ఏమీ కనబడనివ్వకుండా.

తర్వాత కొన్నాళ్ళకు తాసిల్దారు మళ్ళీ దండోరా వేయించాడు. ప్రజలు చూసింది గాలి బుడగేననీ, ఇక భయం లేదనీ. సగం మంది ఒప్పుకోలేదు. కిందపడింది బుడగే కావచ్చు, మేము చూసిన ఎలుగు వేరే అన్నారు. నాదస్వరం విన్నామె బతికున్నంత కాలం విన్నాననే చెప్పింది.

నేను పాపారపట్టి బడికి పోయాను, ఆపైన కాలేజీకి, ఆపైన టీచరు పనికి. తెలుగు అక్షరాలు మాత్రం యాభై దాటాకే నేర్చుకున్నాను. అవ్వ ఉన్నన్నాళ్ళూ మేమిద్దరం ఒకచోట చేరితే ఆ రోజు సంగతి తలచుకుని, పెద్దనాయనను ఎట్లా బోల్తా కొట్టించామో చెప్పుకుని, ఎవరికీ వినబడకుండా నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళం. నన్ను బడి మాన్పించాలని చూశాడన్న కోపం నాలో పోలేదు. ఆ నవ్వులో అదీ కలిసి ఉండేది.

అవ్వ పోయిన చాలా ఏళ్ళకు ఒక సెలవులో ఊరికి పోయాను. పెద్దనాయన చూపు మందగించి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఇక దాచేదేముందని, కొంచెం ఎగతాళిగానే చెప్పాను. "పెద్దనాయనా, అవ్వ పుస్తకం రామాయణం కాదు. ఎద్దుల మందుల పుస్తకం."

"అట్లనా. అది నాకు తెలీదు" అన్నాడు. "ఆ సారు చదవలేదని మాత్రం ఆ పొద్దే తెలుసు."

నేను అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నాను.

"చదివేవాడు అచ్చరం చూస్తాడు. ఆయన మీ అవ్వ మొగం చూసినాడు, నీ మొగం చూసినాడు, అప్పుడు ఏలు పెట్టినాడు."

"తెలిసీ యాల కళ్ళకద్దుకుంటివి?"

"మా అమ్మ దేవుని పేరు చెప్పి అబద్ధమాడే మనిషి కాదు. అట్లాంటామె ఆడిందంటే నీ చదువు ఆమెకు ఎంత కావాల్సి ఉండాదో. అది తెలిసినాక కాదనేది ఎట్ల?"

"అవ్వకు ఎప్పుడైనా చెప్పినావా?"

"ఎందుకు చెప్పేది? నన్ను గెలిచినానని పొయ్యేదాకా సంతోషంగా ఉండింది."

ఆ మాట విని లేచి ఆయన కాళ్ళకు మొక్కాలనిపించింది. అన్నేళ్ళు ఆయన వెనక నవ్విన నోటితో ఏమని మొక్కను? సిగ్గేసి, నీళ్ళు తెస్తానని లోపలికి పోయాను. తర్వాత రెండు నెలలకే ఆయన పోయాడు.